నందిదుర్గం నుండి లేపాక్షికి: పల్లె బాటలపై రెండు రోజుల మోటారు సైకిల్ యాత్ర

బెంగుళూరుకు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 1478 మీటర్ల ఎత్తున నందిదుర్గం ఉన్నది. ఈ కొండను, దీని చుట్టుపట్ల గల గుట్టలను ఆశ్రయించుకొని ఆరు నదులు పుట్టినవి. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని ఆంధ్రదేశం వైపు సాగి, చివరి రెండూ మొదటిదానిలో కలసిపోతాయి. ఆ ఉత్తర పినాకినినే తెలుగువారు పెన్న అంటారు. పాలారు, దక్షిణ పినాకిని తమిళనాడు చేరుతాయి. అర్కావతి దక్షిణానికి మళ్ళి కావేరిలో కలుస్తుంది. మూడు రాష్ట్రాల పొలాలకు నీరు పంచే ఇటువంటి జన్మస్థలం దక్షిణాపథంలో అరుదు. అయినా శని, ఆదివారాలలో ఇక్కడికి వచ్చే వేలాది మందిలో ఎక్కువమంది కొండపై మంచును చూచి, ఫోటోలు తీసుకొని, మధ్యాహ్నానికి నగరానికి తిరిగిపోతారు. నీరు పోయిన దారిని వెంబడించేవారు కొద్దిమంది. ఆ దారిని చూడటానికి మోటారు సైకిలు చక్కని సాధనం. బస్సు ఆగని చోట అది ఆగుతుంది, కారు పట్టని గట్టుమీద పోతుంది, నడక రెండు రోజుల్లో తరించలేని దూరాన్ని తరింపజేస్తుంది.

మన దేశంలో మోటారు సైకిలు చాలాకాలం సైనికుల, పోలీసుల, పాల వ్యాపారుల వాహనంగానే ఉండినది. మద్రాసులో 1955 నుండి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల తయారీ మొదలైనది. వాటి అవసరాన్ని ముందుగా గుర్తించినది సైన్యం. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి జావా బండ్లను, తరువాత యెజ్డీ పేరుతో వచ్చిన బండ్లను తయారుచేసి 1996లో మూతపడినది. 1985లో వచ్చిన 100 సి.సి. నాలుగు స్ట్రోకుల హీరో హోండా బండి తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయేది కనుక సామాన్య ఉద్యోగికీ, రైతుకూ మోటారు సైకిలు అందుబాటులోకి వచ్చినది. విహారం కోసమే బండి తీయడమన్నది ఆ తరువాతి మాట. ఇందుకు ఖరీదైన యంత్రం కావాలన్న అభిప్రాయం సరికాదు. రోజుకు 150 కిలోమీటర్లకు మించని పల్లె ప్రయాణానికి, చక్కగా మరమ్మతు చేయించిన 100 సి.సి. బండి చాలును. గుంతల రోడ్డుపై దాని తక్కువ బరువే ఒక సౌకర్యం.

రోడ్ల సంగతి కూడ కొంత తెలిసి ఉండాలి. 1943 నాటి నాగపూర్ ప్రణాళిక మన రోడ్లను జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు, గ్రామీణ రోడ్లు అని అయిదు తరగతులుగా విభజించినది. మైలురాయి నెత్తిన గల రంగును బట్టి రోడ్డు తరగతిని పోల్చుకోవచ్చు. పసుపు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే గ్రామీణ రోడ్డు. విహారికి నారింజ రంగు రాయి శుభ శకునం. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదాన ప్రాంతాలలో 500కు తగ్గని జనాభా గల, రోడ్డు లేని ఊళ్ళన్నిటినీ అన్ని కాలాలలో పనికివచ్చే రోడ్లతో కలపాలని సంకల్పించినది. రైతు పంట సంతకు చేరాలని, గర్భిణి ఆస్పత్రికి చేరాలని వేసిన రోడ్లు అవి. వాటిపై సరదాకు తిరిగేవాడు పరుల ఇంటికి వచ్చిన అతిథి వంటివాడు. ఈ సంగతి గుర్తుండినచో ఈ యాత్రకు కావలసిన మర్యాదలలో సగం వాటంతటవే తెలిసివస్తాయి.

తొలి రోజు

శనివారం తెల్లవారకముందే బయలుదేరడం మేలు. నగరపు రద్దీ లేవకముందే దేవనహళ్ళి దాటితే, తూర్పున వెలుగు పరచుకొనే వేళకు నంది గ్రామం చేరవచ్చు. కొండపైకి పోవడం తప్పనిసరి కాదు. సెలవుదినాలలో అక్కడ జనసమ్మర్దం మెండు. కొండ అడుగున గ్రామంలోనే తొమ్మిదవ శతాబ్దినాటి మూలాలు గల భోగనందీశ్వరాలయం ఉన్నది. బాణులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు ఒకరి తరువాత ఒకరు దీనికి మెరుగులు దిద్దిరి. మెట్ల కోనేటి గట్టున పావుగంట కూర్చుంటే శరీరంలో బండి అదురు తగ్గుతుంది.

నందికి అనతిదూరంలోనే ముద్దెనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు ఇదే, ఆయన సమాధి కూడ ఇక్కడనే ఉన్నది. ఇంటిపేరులోని మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని తెలుగు గ్రామం. కొన్ని తరాల క్రిందట అక్కడినుండి వలస వచ్చిన తెలుగు కుటుంబం వారిది. మైసూరు సంస్థానానికి దివానుగా పనిచేసిన ఆయన, 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా వెళ్ళి వరద నివారణకు పథకం రచించెను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఆ పథక ఫలితాలే. నీటి లెక్కలతో జీవితం గడిపిన ఇంజనీరు ఇన్ని నదులు పుట్టిన కొండ నీడలో జన్మించుట యాదృచ్ఛికమే కావచ్చును, కాని దారిన పోయేవారికి ఆ ఊహ తట్టక మానదు.

ఇక్కడినుండి చిక్కబళ్ళాపురం మీదుగా, మంచేనహళ్ళి మార్గాన గౌరీబిదనూరుకు పోవాలి. యాత్రలో అందమైన భాగం ఇది. రోడ్డుకు ఇరుప్రక్కల ద్రాక్ష పందిళ్ళు, చేమంతి తోటలు, మల్బరీ చేలు, వాటి వెనుక ఏనుగులు పడుకొన్నట్లు బోడిగుండ్లు. రాగి కోతల కాలమైనచో మరొక దృశ్యం కనబడుతుంది. రైతులు రాగి కంకులను, ఉలవ చెట్లను రోడ్డుపై పరుస్తారు. పోయే బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. రోడ్డే కల్లమైనదన్నమాట. ఇది నిబంధనలకు విరుద్ధమే, ప్రమాదకరమే. అయినా నూర్పిడి కూలి గిట్టని చిన్న రైతుకు వేరొక కల్లం సులభంగా దొరకదు. మోటారు సైకిలు నడిపేవాడు మాత్రం ఆ కంకులపైకి వేగంగా పోరాదు. ఎండిన ఉలవ పొట్టు చక్రం క్రింద గాజు పలకవలె జారుతుంది. దూరంనుండే వేగం తగ్గించి, గేరు దించి, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు తాకకుండ మెల్లగా దాటాలి.

బ్రేకుల విషయంలో చాలామందికి గల అపోహను ఇక్కడ ప్రస్తావించడం అవసరం. ముందు బ్రేకు పట్టితే బండి పల్టీ కొడుతుందని భయపడి, వెనుక బ్రేకుతోనే కాలం గడిపేవారు పెక్కుమంది. నిజానికి బండి వేగం తగ్గేటప్పుడు బరువు ముందు చక్రంపైకి వాలుతుంది. అందువలన పొడి తారు రోడ్డుపై ఆపే శక్తిలో అధికభాగం ముందు చక్రానిదే. రెండు బ్రేకులను కలిపి, ముందుదాన్ని క్రమంగా బిగిస్తూ వాడటం సరైన పద్ధతి. ఇసుక, కంకర, పొట్టు ఉన్నచోట ఈ సూత్రం తారుమారవుతుంది. అక్కడ ముందు చక్రం జారితే తిరిగి నిలదొక్కుకోవడం దాదాపు అసాధ్యం. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి. దాటిన కొత్త బండ్లన్నిటికీ చక్రం బిగుసుకుపోకుండ కాపాడే ఎ.బి.ఎస్. ఏర్పాటు తప్పనిసరి అయినది. అది కంకరపై అద్భుతాలు చేయజాలదు.

వేగాన్ని గూర్చి ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. గేదె అడ్డం వచ్చినదని కన్ను చూచి, చేయి బ్రేకును అందుకొనేలోపల ఆ సెకను గడచిపోతుంది. గంటకు 40 కిలోమీటర్లయితే అదే సెకనుకు 11 మీటర్లు. బ్రేకు పడిన తరువాత బండి ఆగే దూరం వేగం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. పల్లె రోడ్డుపై మలుపు అవతల ఏమున్నదో తెలియదు. గొర్రెల మంద ఉండవచ్చు, దీపం లేని ట్రాక్టరు ఉండవచ్చు, రంగు వేయని స్పీడు బ్రేకరు ఉండవచ్చు. కనుక కంటికి కనిపించే దూరంలోపల ఆపగలిగే వేగమే తగిన వేగం. మలుపు లోపల బ్రేకు వేయడం కాక, మలుపుకు ముందే వేగం తగ్గించి, చూపును మలుపు చివర నిలిపి పోవాలి. బండి చూపు వెంట పోతుంది. గుంతను చూస్తూ పోయేవాడు గుంతలోనే పడతాడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై పోయేవారే. హెల్మెట్ ధరించక చనిపోయినవారి సంఖ్య 50,000 దాటినది. ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్ నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికి కూడ అవసరం. గడ్డం క్రింద పట్టీ బిగించని హెల్మెట్ దెబ్బ తగిలేలోగానే ఎగిరిపోతుంది.

గౌరీబిదనూరు చిన్న పట్టణం, కాని విజ్ఞానశాస్త్ర లోకంలో దానికి పెద్ద పేరు. 1965లో భాభా అణు పరిశోధన కేంద్రం ఇక్కడ భూకంపాలను, దూరదేశాల భూగర్భ అణుపరీక్షలను పసిగట్టే పరికరాల శ్రేణిని నెలకొల్పినది. 1976లో సమీపంలోనే రేడియో దూరదర్శిని వచ్చినది. 1000 డైపోల్ ఏంటెనాలు ఆంగ్ల అక్షరం 'టీ' ఆకారంలో, తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల మేర బారులు తీరినవి. భూమి అదురును వినేందుకూ, ఆకాశపు సవ్వడిని వినేందుకూ సద్దులేని చోటు కావాలి. ఈ పొలాల మధ్య అది దొరికినది. మోటారు సైకిలు స్పార్క్ ప్లగ్గులో పుట్టే నిప్పురవ్వ సైతం అటువంటి యంత్రానికి ఒక అలజడియే. ఆ కేంద్రాల లోనికి ప్రవేశం అనుమతితో మాత్రమే కనుక యాత్రికులు వెలుపలి రోడ్డు వెంటనే సాగిపోవాలి.

పట్టణం దాటి హిందూపురం రోడ్డుపై కొద్ది దూరం పోయిన తరువాత, ఉత్తర పినాకిని ఒడ్డున విదురాశ్వత్థం వస్తుంది. విదురుడు నాటినదని చెప్పుకొనే రావిచెట్టు 2001లో కూలిపోయినది. దాని చుట్టు భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు బారులు బారులుగా నిలిచి ఉన్నవి. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ కాంగ్రెసు జెండా ఎగురవేయుటకై చేరిన జనంపై మైసూరు సంస్థానపు పోలీసులు కాల్పులు జరిపిరి. మృతుల సంఖ్య విషయంలో ప్రభుత్వ లెక్కకు, ప్రజల లెక్కకు పొంతన కుదరలేదు. దీనిని కర్ణాటకపు జలియన్‌వాలాబాగ్ అంటారు. ఆ తరువాత సర్దార్ పటేల్ మైసూరుకు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో ఒప్పందం కుదిర్చెను. దాని ప్రకారం సంస్థానపు జెండాతోపాటు కాంగ్రెసు జెండా కూడ ఎగురవేయవచ్చును. స్మారక స్థూపం వద్ద బండి ఆపి, హెల్మెట్ తీసి నిలబడినవారికి, రెండు భాషలు మాట్లాడే పల్లెల ప్రజలు ఒకే జెండా క్రిందికి వచ్చిన చోటు ఇదని తెలియగలదు.

రాష్ట్ర సరిహద్దు ఇక్కడికి కూతవేటు. సరిహద్దును తెలిపేది బోర్డులపై లిపి మాత్రమే. గౌరీబిదనూరు, బాగేపల్లి ప్రాంతాలలో బోర్డు కన్నడంలో ఉంటుంది, టీ కొట్టు వద్ద మాట తెలుగులో నడుస్తుంది. ఇవతల హిందూపురం, మడకశిర ప్రాంతాలలో బోర్డు తెలుగు, మాటలో కన్నడం కలగలుపు. వియ్యాలు ఇటునుండి అటు, సంతలు అటునుండి ఇటు. దారి అడిగిన యాత్రికుని "యాడికి పోవల్లప్పా?" అని పలకరించే వృద్ధుడు, ప్రక్కనున్నవానితో మరుక్షణంలోనే కన్నడంలో మాట్లాడతాడు. ఆయన చెప్పే దూరాన్ని మాత్రం పూర్తిగా నమ్మరాదు. "ఈడనే" అంటే అయిదు కిలోమీటర్లని గ్రహించాలి.

హిందూపురం బెల్లానికి, చింతపండుకు పేరుపొందిన అంగడి. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అక్కడినుండి తూర్పుగా 15 కిలోమీటర్లు పోతే లేపాక్షి. ఊరు రాకముందే రోడ్డు ప్రక్కన నంది విగ్రహం కనబడుతుంది. ఒకే రాతిలో చెక్కిన ఈ నంది ఎత్తు సుమారు 4.5 మీటర్లు, పొడవు 8 మీటర్లకు పైగా. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూర్మశైలంపై వీరభద్రాలయాన్ని కట్టించిరి. నేలను పూర్తిగా తాకని వ్రేలాడే స్తంభం క్రింద గుడ్డను దూర్చి చూచేవారే ఎక్కువ. తలయెత్తి కప్పుపై చిత్రాలను చూచేవారు తక్కువ. ఆనాటి స్త్రీ పురుషుల చీర అంచులు, కుళ్ళాయిలు, ఆభరణాలు ఆ రంగులలో నేటికీ నిలిచి ఉన్నవి. తెలుగునాట వెలసిన ఈ గుడిలో కన్నడ శాసనాలు ఉన్నవి. వాటిని చెక్కించినవారికి అది వింతగా తోచి ఉండదు. తొలి రాత్రి విశ్రాంతి ఇక్కడనో, హిందూపురంలోనో తీసుకోవచ్చు. చీకటిపడిన తరువాత బండి నడపరాదన్న నియమం మాత్రం ఈ యాత్రలో సడలించరానిది.

నీటి తగవు

ఈ దారిలో పోయేవారిని వేసవిలో ఒక ప్రశ్న వెంటాడుతుంది. నది ఏదీ? వంతెన ఉన్నది, వంతెన క్రింద ఇసుక, సర్కారు తుమ్మలు ఉన్నవి, నీరు లేదు. 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరుకు ఆవల సముద్రం చేరే పెన్న, పుట్టింటనే ఇట్లు ఎండిపోవడానికి కారణాలు పలు విధాలు. ఇది వర్షచ్ఛాయా ప్రాంతం. పూర్వులు ఇందుకు తగినట్లే గొలుసుకట్టు చెరువులను నిర్మించిరి. పై చెరువు నిండి అలుగు పారితే క్రింది చెరువు నిండుతుంది. ఒక చెరువు వాగును ఆక్రమించినచో దాని దిగువన గల చెరువులన్నీ ఎండుతాయి. ఆపైన లోతుకు పోయిన బోరుబావులు నేలలోని నీటిని తోడివేసినవి.

ఎగువవారికీ దిగువవారికీ తగవు కొత్తది కాదు. 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొనినవి. అందులో పేర్కొన్న నదులపై మద్రాసు సమ్మతి లేక మైసూరు కొత్త జలాశయాలను కట్టరాదు. ఆ పట్టికలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఉన్నవి. ప్రస్తుత శతాబ్దం తొలి సంవత్సరాలలో బాగేపల్లి వద్ద చిత్రావతిపై పరగోడు ఆనకట్ట విషయమై రెండు రాష్ట్రాల మధ్య వివాదం రేగినది. బాగేపల్లికి త్రాగునీరు లేదు. ఆనకట్ట కట్టినచో దిగువన బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు నీరు రాదని ఇవతలి రైతుల భయం. రెండు వాదాలలోనూ నిజం ఉన్నది. తీర్పు ఎవరిదైనా, వాన పడని సంవత్సరంలో రెండు వైపులా కడవలే కనబడతాయి.

చిక్కబళ్ళాపురం పరిసరాలలో కొన్ని చెరువులు వేసవిలోనూ నిండి ఉండటం చూచి యాత్రికులు ఆశ్చర్యపడవచ్చు. బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా ఈ చెరువులకు పంపుతున్నారు. దీనివలన భూగర్భజలం పెరిగినదని సంతోషించేవారు ఉన్నారు. శుద్ధి చాలినంత లేదని, మరొక దశ అవసరమని కోరేవారూ ఉన్నారు. నగరంనుండి వచ్చిన యాత్రికునికి ఈ చర్చతో సంబంధం లేదనుకొనరాదు. ఆ నీరు ఆయన ఇంటినుండి వచ్చినదే.

మరల కుండపోత వానలు కురిసినప్పుడు ఈ ఎండు నదులే ప్రాణాంతకాలు. 2021 నవంబరులో చిత్రావతి అకస్మాత్తుగా పొంగి, వరదలో చిక్కినవారిని వైమానిక దళపు హెలికాప్టరు కాపాడవలసి వచ్చినది. పల్లె రోడ్లు వాగులను వంతెనలపై గాక, చప్టాలపై దాటడం పరిపాటి. చప్టాపై మోకాలిలోతు నీరు పారుతున్నా మోటారు సైకిలు దాని కెదురు నిలువదు. నీటి అడుగున రోడ్డు ఉన్నదో, కొట్టుకొనిపోయినదో తెలియదు. అటువంటప్పుడు బండి ఆపి వేచి ఉండటమో, వెనుదిరగడమో తప్ప మూడవ ఉపాయం లేదు.

మరునాడు

ఆదివారం ఉదయం లేపాక్షినుండి కొడికొండ వైపు పోతే 44వ నెంబరు జాతీయ రహదారి తగులుతుంది. బాగేపల్లి వరకు దానిపై పోక తప్పదు. లారీల ప్రక్కన గాలి కుదుపును తట్టుకొంటూ, ఎడమ అంచు పట్టి నిదానంగా పోవాలి. బాగేపల్లిలో చిత్రావతిని దాటి, మరల చిన్న రోడ్డు పట్టుకొంటే గుడిబండ. పదిహేడవ శతాబ్దిలో పాలెగాడు బైరేగౌడుడు కట్టించిన ఏడంచెల కోట, దాని అడుగున బైరసాగర్ చెరువు. కోటపై వాననీరు నిలిచేందుకు రాతిలో దొనలు ఉన్నవి. పైనుండి చూచినప్పుడు చెరువు నిండి ఉన్నదీ లేనిదీ ఒక్క చూపులో తెలియును. ఆ సంవత్సరపు పంట సంగతి అదే చెప్పును.

గుడిబండలో భోజనానికి ఆగినప్పుడు బండిని ఒకసారి చూచుకోవడం మంచిది. రెండు రోజుల మట్టి రోడ్ల తరువాత గొలుసు సాగి వదులై ఉండవచ్చు. టైరులో తుమ్మముల్లు దిగి ఉండవచ్చు. ట్యూబు గల టైరైతే గాలి తీసిన వెంటనే కూలబడుతుంది, ట్యూబు లేనిదైతే ముల్లు ఊడదీయనంతవరకు కొంత దూరం లాగుతుంది. అందుచేత పంక్చరు కొట్టు కనబడేవరకు ముల్లును కదిలించరాదు. పల్లెలో పంక్చరు వేసే కుర్రవాడు అడిగిన సొమ్ముపై బేరమాడటం నగరవాసులకు తగదు. ఆదివారంనాడు ఆ కొట్టు తెరచి ఉండటమే గొప్ప.

పేరేసంద్ర వద్ద మరల పెద్ద రోడ్డు. చిక్కబళ్ళాపురం దాటిన కొద్దిసేపటికి కుడిచేతి ప్రక్కన నందిదుర్గం కనబడి మరుగవుతుంది. దేవనహళ్ళి నుండి నగరపు రద్దీ మొదలు. సాయంత్రం అయిదు గంటలకు ముందే ఇల్లు చేరినచో, కిరోసిను ముంచిన గుడ్డతో గొలుసుకు పట్టిన ఎర్రమట్టిని తుడిచి, నూనె వేసి, సోమవారపు పనికి బండిని సిద్ధం చేసుకొనుటకు వెలుతురు మిగిలి ఉంటుంది.